రోప్‌వే: ప్రయాణమా? విహారమా?

విశాఖపట్నంలోని కైలాసగిరి మీదికి రోప్‌వేలో వెళ్ళేవారిని గమనిస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. వారిలో ఎవరికీ తొందర ఉండదు. క్రింద పరచుకున్న సముద్రాన్ని చూసి పిల్లలు కేరింతలు కొడతారు. పెద్దలు ఫోటోలు తీసుకుంటారు. కొండపై కాసేపు గడిపి, చల్లగాలికి సేదదీరి, వచ్చిన దారినే దిగివస్తారు. శ్రీశైలంలో పాతాళగంగకు దిగే రోప్‌వే ప్రయోజనం కొంత భిన్నమైనది. మెట్లు దిగి ఎక్కలేని వృద్ధులకు అది కృష్ణానది ఒడ్డును దగ్గర చేసింది. అయినా అదీ యాత్రికులు ఎప్పుడో ఒకసారి ఎక్కేదే. అందువల్ల తెలుగువారికి రోప్‌వే అనగానే సెలవుదినం, కొండ, లోయ, వినోదం స్ఫురిస్తాయి. పాలు, కూరగాయలు, ఆఫీసు, కళాశాల స్ఫురించవు.

దక్షిణ అమెరికా ఖండంలోని కొలంబియా దేశంలో మెడెలిన్ అనే నగరం ఉంది. అక్కడి కొండవాడల్లో నివసించేవారికి రోప్‌వే ఒక వినోదం కాదు. తెల్లవారుతూనే కూలిపనికి వెళ్ళేవారు, ఇళ్ళలో పనిచేసే స్త్రీలు, పుస్తకాల సంచులు భుజాన వేసుకున్న విద్యార్థులు స్టేషను ముందు బారులు తీరుతారు. తీగపై కదిలే ఆ చిన్న గదిలో కూర్చున్నవారిలో చాలామంది కిటికీలోంచి బయటకు చూడనే చూడరు. రోజూ చూసే దృశ్యంలో వారికి వింత ఏముంటుంది? సమయానికి పనికి చేరుకోవడమే వారికి ముఖ్యం.

రెండు చోట్లా ఉన్నది ఒకే సాధనం. ఒకచోట అది విహారం, మరొకచోట అది జీవనాధారం. ఈ తేడా ఎక్కడినుంచి వస్తుంది? నగరాలలో రోప్‌వే నిజంగా ప్రజారవాణా సాధనమా, లేక సందర్శకులను ఆకర్షించే హంగు మాత్రమేనా? కోట్లాది రూపాయల ప్రజాధనంతో ముడిపడిన ప్రశ్న కనుక దీనిని శ్రద్ధగా పరిశీలించవలసి ఉంది.

తీగపై ప్రయాణం జరిగే విధానం

రోప్‌వేలు ముఖ్యంగా రెండు రకాలు. మొదటి రకంలో రెండు పెద్ద క్యాబిన్లు ఉంటాయి. ఒకటి పైకి వెళుతుంటే రెండవది క్రిందికి వస్తుంది. బావిలో గిలకకు రెండు వైపులా కట్టిన చేదలవలె అవి ఒకదాని బరువును మరొకటి తూచుకుంటూ కదులుతాయి. ఒక క్యాబిన్ వెళ్ళిపోతే ప్రయాణికుడు మరొకటి వచ్చేవరకు వేచి ఉండక తప్పదు.

రెండవ రకంలో చిన్న చిన్న క్యాబిన్లు అనేకం ఉంటాయి. ఇక్కడ ఉక్కుతాడు ఒక పెద్ద హారంవలె రెండు చివరల మధ్య నిరంతరం తిరుగుతూ ఉంటుంది. ప్రతి క్యాబిన్ బలమైన స్ప్రింగులతో పనిచేసే పట్టు ద్వారా ఆ తాడును కరచుకొని ప్రయాణిస్తుంది. స్టేషనులోకి రాగానే ఆ పట్టు విడిపోతుంది. క్యాబిన్ తాడునుంచి వేరుపడి, ఒక పట్టాపై మెల్లగా జరుగుతుంది. తలుపులు తెరుచుకుంటాయి, దిగేవారు దిగుతారు, ఎక్కేవారు ఎక్కుతారు. తరువాత క్యాబిన్ వేగం పుంజుకొని మళ్ళీ తాడును పట్టుకుంటుంది. తాడు ఒక్క క్షణమైనా ఆగదు. నగర రవాణాలో రోప్‌వేకు స్థానం కల్పించింది ప్రధానంగా ఈ రెండవ విధానమే.

దీని సామర్థ్యాన్ని ఒక చిన్న లెక్కతో గ్రహించవచ్చు. పదిమంది పట్టే క్యాబిన్ 12 సెకన్లకు ఒకటి చొప్పున బయలుదేరితే నిమిషానికి 5, గంటకు 300 క్యాబిన్లు వెళతాయి. అంటే గంటకు ఒక దిశలో 3,000 మంది ప్రయాణించవచ్చు. వేగం సెకనుకు 5 మీటర్లు, అనగా గంటకు 18 కిలోమీటర్లు. చదును నేలపై ఈ వేగం గొప్పదేమీ కాదు. కాని నిటారు కొండపై, మెలికలు తిరిగే ఇరుకు దారుల్లో బస్సు సాధించలేని వేగం ఇది. ఇందులో క్యాబిన్‌కు ఇంజను ఉండదు. స్టేషనులోని విద్యుత్ మోటారు తాడును తిప్పుతుంది. దిగే క్యాబిన్ల బరువు ఎక్కే క్యాబిన్లకు సాయపడుతుంది. దారిపొడవునా భూమి అవసరం లేదు. స్తంభాలకు, స్టేషన్లకు మాత్రం స్థలం ఉంటే చాలు. ఇళ్ళు కిక్కిరిసిన వాడలో రోడ్డు వెడల్పు చేయాలంటే వందలాది కుటుంబాలను తొలగించవలసి వస్తుంది. రోప్‌వేకు అంతటి కూల్చివేత అక్కరలేదు.

మెడెలిన్ చూపిన మార్గం

మెడెలిన్ నగరం ఒక ఇరుకైన లోయలో ఉంది. ఇరువైపులా నిటారు కొండలు. కొలంబియాలో దశాబ్దాలపాటు సాగిన అంతర్గత ఘర్షణల కారణంగా పల్లెలు విడిచి వచ్చిన వేలాది కుటుంబాలు ఈ కొండవాలుల్లో ఇటుక ఇళ్ళు కట్టుకున్నాయి. లోయ అడుగున పరిశ్రమలు, కార్యాలయాలు, ఆసుపత్రులు ఉన్నాయి. కొండపై పేదరికం, ముఠాల హింస రాజ్యమేలాయి. 1990ల ఆరంభంలో హత్యల రేటు అత్యధికంగా ఉన్న ప్రపంచ నగరాల్లో మెడెలిన్ ఒకటి. నగరం క్రిందనే ఉన్నా, కొండపైవారికి అది అందని లోకంగానే మిగిలింది.

1995లో లోయ వెంబడి మెట్రో రైలు ప్రారంభమయింది. కాని రైలు కొండ ఎక్కలేదు. ఈ లోటును పూరించడానికి 2004లో మెట్రో సంస్థ ‘కె’ లైను అనే రోప్‌వేను ప్రారంభించింది. దాని పొడవు సుమారు రెండు కిలోమీటర్లు, స్టేషన్లు నాలుగు. క్రింది చివరన అసెవెదో అనే మెట్రో స్టేషను, పై చివరన సాంతో డొమింగో అనే పేదవాడ ఉన్నాయి. దీనిలోని గొప్పతనం యంత్రంలో కంటే ఏర్పాటులో ఎక్కువగా కనిపిస్తుంది. రోప్‌వేనుంచి దిగిన ప్రయాణికుడు అదే స్టేషనులో రైలెక్కగలిగాడు. రోప్‌వే కోసం వేరే ఛార్జీ చెల్లించవలసిన అవసరం లేకుండా మెట్రో టికెట్టుతోనే ప్రయాణం సాగింది. కొండపై నివసించే కూలివాడికీ లోయలో నివసించే ఉద్యోగికీ ఒకే టికెట్టు!

నగరపాలకులు రోప్‌వేతో ఆగలేదు. సెర్గియో ఫహార్దో మేయరుగా ఉన్న 2004-2007 కాలంలో స్టేషన్ల చుట్టూ పాఠశాలలు, ఉద్యానాలు, నడకదారులు, వంతెనలు నిర్మించారు. 2007లో సాంతో డొమింగోలో ఒక పెద్ద గ్రంథాలయాన్ని ప్రారంభించారు. ఆ మార్పు ఫలితాలను పరిశోధకులు అధ్యయనం చేసి, 2012లో ఒక అమెరికన్ వైద్య పత్రికలో ప్రకటించారు. 2003-2008 మధ్య కాలంలో రోప్‌వే వచ్చిన వాడల్లో హత్యల తగ్గుదల, అటువంటి వసతి లేని వాడలతో పోల్చినప్పుడు, 66 శాతం ఎక్కువగా ఉన్నట్లు వారు గుర్తించారు. ఈ ఘనతనంతా ఒక్క ఉక్కుతాడుకు ఆపాదించడం పొరపాటు. గ్రంథాలయం, పాఠశాల, వీధిదీపం, పాలకుల శ్రద్ధ అన్నీ కలిసి వచ్చిన ఫలితమది. పైగా నిర్మాణాలన్నీ కలకాలం నిలువలేదు. ఎంతో పేరు పొందిన ఆ గ్రంథాలయమే కొన్నేళ్ళకు నిర్మాణ లోపాల వల్ల మూతపడింది. రోప్‌వే మాత్రం ఆగలేదు. మరికొన్ని కొండవాడలకు కొత్త లైన్లు కూడా వచ్చాయి.

మెడెలిన్‌లోనే మరొక విశేషం ఉంది. 2010లో సాంతో డొమింగోనుంచి కొండ ఆవలి అడవిలో ఉన్న ఆర్వీ ఉద్యానానికి ‘ఎల్’ లైను వేశారు. దీనిని నడిపేదీ ఆ మెట్రో సంస్థే. క్యాబిన్లు కూడా అటువంటివే. కాని ఈ లైనుకు ప్రత్యేకమైన టికెట్టు కొనాలి. దీనిలో ఎక్కువగా కనిపించేది సెలవు గడపడానికి వచ్చిన కుటుంబాలు, విదేశీ సందర్శకులు. ఒకే స్టేషనులో కలిసే రెండు లైన్లలో ఒకటి పనికి తీసుకుపోతుంది, రెండవది విశ్రాంతికి తీసుకుపోతుంది. యంత్రాన్ని బట్టి కాక, అది చేర్చే చోటును బట్టి, దాని టికెట్టును బట్టి రోప్‌వే స్వభావం నిర్ణయమవుతుందనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు.

నగరానికే రాజమార్గం: లాపాజ్

మెడెలిన్‌లో రోప్‌వే మెట్రోకు ఉపనదివంటిది. బొలీవియా దేశ పాలనాకేంద్రమైన లాపాజ్‌లో అదే ప్రధాన ప్రవాహమయింది. లాపాజ్ ఒక పెద్ద గిన్నెవంటి లోయలో, సముద్రమట్టానికి సుమారు 3,600 మీటర్ల ఎత్తున ఉంది. గిన్నె అంచున, 4,000 మీటర్లకు పైగా ఎత్తులో ఎల్ ఆల్టో అనే మరొక నగరం విస్తరించింది. అక్కడి నివాసుల్లో అత్యధికులు ఐమారా మొదలైన ఆదివాసీ జాతులవారు. పై నగరంనుంచి క్రింది నగరానికి పనికి వచ్చేవారు మలుపులు తిరిగే రోడ్లపై క్రిక్కిరిసిన మినీబస్సుల్లో గంటల తరబడి అవస్థపడేవారు.

2014 మే 30న ఎర్ర లైను ప్రారంభం కావడంతో ఈ స్థితి మారసాగింది. సుమారు 2.4 కిలోమీటర్ల దూరాన్ని పది నిమిషాల్లో దాటే అవకాశం కలిగింది. అదే ఏడాది పసుపు, ఆకుపచ్చ లైన్లు కూడా వచ్చాయి. ఈ మూడు రంగులూ ఆ దేశ జాతీయ పతాకంలోనివే. 2019 నాటికి పది లైన్లతో, సుమారు 30 కిలోమీటర్ల పొడవున తీగల వల అల్లుకుంది. స్టేషన్లకు స్పానిష్ పేర్లతోపాటు ఐమారా పేర్లు కూడా పెట్టారు. తమ భాష ప్రభుత్వ ఫలకంపై కనిపించడం ఆ ప్రజలకు ఎంతటి గౌరవమో వేరే చెప్పనవసరం లేదు. అంతకు పూర్వం పేదలు అరుదుగా అడుగుపెట్టే దక్షిణ ప్రాంతపు సంపన్నవాడలు ఆకుపచ్చ లైనుతో వారికి అందుబాటులోకి వచ్చాయి.

లాపాజ్ రోప్‌వే ఎక్కడానికి విదేశీయులు కూడా ఉత్సాహపడతారు. మంచుకొండల నడుమ ఆ ప్రయాణం మనోహరమైనదే. అయినా అక్కడ సందర్శకుడు స్థానికుల బండిలో అతిథివంటివాడు. బండి తిరిగేది అతని కోసం కాదు. ప్రజలకు ఉపయోగపడేది అందంగా కూడా ఉండవచ్చు. అందులో తప్పు లేదు. అందం కోసమే వేసి, ఉపయోగం పేరుతో దానిని సమర్థించుకున్నప్పుడే చిక్కు వస్తుంది.

లండన్ అనుభవం

2012 జూన్ 28న, ఒలింపిక్ క్రీడలకు కొద్ది వారాల ముందు, లండన్‌లో థేమ్స్ నదిపై ఒక రోప్‌వే ప్రారంభమయింది. దాని పొడవు సుమారు 1.1 కిలోమీటరు, ఎత్తు 90 మీటర్ల వరకు ఉంటుంది. నిర్మాణానికి సుమారు 6 కోట్ల పౌండ్లు ఖర్చయింది. ఒక విమానసంస్థ పదేళ్ళకు 3.6 కోట్ల పౌండ్లు ఇచ్చి, తన పేరును దానికి తగిలించుకుంది. నగర రవాణా పటంలో రైలు మార్గాల సరసన దానిని కూడా చూపారు.

యంత్రంలో లోపమేమీ లేదు. గంటకు ఒక దిశలో 2,500 మందిని చేరవేయగల శక్తి దానికి ఉంది. కాని అక్కడ కొండ లేదు. దాటవలసిన నదిని భూగర్భ రైలు అప్పటికే దాటుతోంది. రోప్‌వే దక్షిణ చివరకు సమీపంలోని స్టేషనులో రైలెక్కితే తరువాతి స్టేషనుకే నది ఆవలి ఒడ్డు వస్తుంది. రోప్‌వేకు వేరే టికెట్టు కొనాలి. నగరంలోని బస్సులకూ రైళ్ళకూ చెల్లే దినపాసు దానికి చెల్లదు. ఇక ఉద్యోగి దానిని ఎందుకు ఎక్కుతాడు? తరచుగా ప్రయాణించేవారికి రాయితీ ప్రకటించగా, 2013 అక్టోబరులో ఒక వారంలో దానికి అర్హులైన కార్డుదారులు నలుగురే అని పత్రికలు వెల్లడించాయి. రద్దీవేళల్లో అయిదు నిమిషాల్లో ముగిసే ప్రయాణాన్ని మిగిలిన వేళల్లో పది నిమిషాలు సాగేలా ఏర్పాటు చేశారు. తొందరలో ఉన్నవాడికి ఆలస్యం నష్టం. దృశ్యం చూసేవాడికి అదే లాభం. ఆ రోప్‌వే ఎవరి కోసం ఉన్నదో ఈ ఒక్క ఏర్పాటే చెబుతుంది.

విహార సాధనంగా దానికి ఆదరణ ఉంది. ఏటా పదిలక్షలకు పైగా ప్రజలు దానిని ఎక్కుతున్నారు. వినోదానికి కూడా నగరంలో చోటుండాలి. అయితే దానిని వినోదంగానే లెక్కవేసి, వినోదంగానే ఖర్చు పెట్టడం నిజాయితీ అనిపించుకుంటుంది.

తాత్కాలికం శాశ్వతమైన కథ

లండన్‌వలె న్యూయార్క్ కూడా సంపన్న నగరమే. అక్కడి రోప్‌వే చరిత్ర మాత్రం వేరు. మన్‌హటన్‌కు తూర్పున నది మధ్యలో రూజ్‌వెల్ట్ ద్వీపం ఉంది. 1970లలో అక్కడ కొత్త ఇళ్ళు వెలిశాయి గాని, అక్కడికి రావలసిన భూగర్భ రైలు ఆలస్యమయింది. అంతవరకు పని గడపడానికి తాత్కాలికంగా 1976లో రోప్‌వే వేశారు. 1989లో రైలు వచ్చింది. అప్పటికి ద్వీపవాసులు రోప్‌వేకు అలవాటుపడ్డారు. దానిని తొలగించలేదు, 2010లో ఆధునికీకరించారు కూడా. నగర బస్సులకూ రైళ్ళకూ చెల్లే కార్డే దానికీ చెల్లేలా చేశారు.

ఇటీవలి కాలంలో దీనికి కొత్త చిక్కు ఎదురయింది. నగరాన్ని పైనుంచి చూడాలని వచ్చే సందర్శకుల రద్దీ పెరిగి, ద్వీపవాసులు తమ ఇళ్ళకు చేరడానికి బారుల్లో నిలబడవలసి వస్తోంది. ఉపయోగకరమైన సాధనం ఆకర్షణగా మారినప్పుడు, దానిపై ఆధారపడినవారే వెనక్కు నెట్టబడే ప్రమాదం ఉందని ఈ అనుభవం హెచ్చరిస్తోంది.

కొండవారిని అడగని కొండబండి

పేదవాడలో వేసిన రోప్‌వేలన్నీ విజయవంతమవుతాయా? బ్రెజిల్‌లోని రియో డి జనీరో దీనికి జవాబు చెబుతుంది. మెడెలిన్ స్ఫూర్తితో ఆ నగరంలోని అలెమావ్ కొండవాడల్లో 2011 జూలైలో ఒక రోప్‌వే ప్రారంభమయింది. 3.5 కిలోమీటర్ల పొడవు, ఆరు స్టేషన్లు, 152 క్యాబిన్లు! క్రింది చివర రైల్వే స్టేషనుతో కలిసింది. స్థానికులకు రోజుకు ఒకసారి వెళ్ళిరావడం ఉచితం. పైకి చూస్తే ఏ లోటూ లేదు.

లోటు నిర్ణయం జరిగిన తీరులో ఉంది. స్టేషన్లను కొండశిఖరాలపై కట్టారు. జనంలో చాలామంది నివసించేది శిఖరాలకు దిగువనున్న వాలుల్లో. పనికి వెళ్ళేవాడు క్రిందికి పోవడానికి ముందు పైకి ఎక్కాలి! తమకు మొదట కావలసింది మురుగునీటి కాలువలు, ఆరోగ్య వసతులు అని వాడల ప్రజలు చెబుతూనే ఉన్నారు. వారి మురికి కాలువల మీదుగా క్యాబిన్లు తేలిపోయాయి. సందర్శకులు వచ్చి పైనుంచి ఫోటోలు తీసుకున్నారు. 2016లో ఆ నగరంలో ఒలింపిక్ క్రీడలు ముగిశాయి. కొద్ది వారాలకే రోప్‌వే ఆగిపోయింది. ఆ తరువాత ఏళ్ళ తరబడి తీగలు కదలలేదు. రోజూ దానిపై ఆధారపడిన వృద్ధులు, గర్భిణులు మళ్ళీ మెట్లదారి పట్టారు.

దూరపు కొండలు నునుపు అని తెలుగులో సామెత. ప్రణాళికలు వేసేవారు కొండను పటంలో చూస్తారు. దానిపై నివసించేవారు ప్రతి మెట్టునూ మోకాళ్ళతో కొలుస్తారు. స్టేషను ఎక్కడ ఉండాలో రెండవవారిని అడగకుండా నిర్ణయిస్తే మంచి యంత్రం కూడా నిరుపయోగమవుతుంది.

పరిమితులు

రోప్‌వేకు సహజమైన పరిమితులు కొన్ని ఉన్నాయి. గంటకు మూడువేల మందిని చేరవేయడం కొండవాడకు సరిపోవచ్చు. మహానగరంలోని రద్దీ మార్గానికి అది చాలదు. అటువంటిచోట గంటకు ముప్ఫైవేలకు పైగా ప్రయాణికులను తరలించగల మెట్రోకు అది ప్రత్యామ్నాయం కాజాలదు. పెనుగాలులు వీచినప్పుడు, పిడుగులు పడేటప్పుడు రోప్‌వేను ఆపక తప్పదు. స్టేషనునుంచి ఇంటివరకు నడక మిగిలే ఉంటుంది. పెద్ద మూటలను క్యాబిన్‌లో తీసుకుపోవడం కష్టం.

భద్రత అన్నింటికంటే ముఖ్యమైనది. 2022 ఏప్రిల్ 10న జార్ఖండ్‌లోని దేవఘర్ సమీపాన త్రికూట పర్వతం రోప్‌వేలో ప్రమాదం జరిగి, పదులకొద్దీ సందర్శకులు గాలిలో చిక్కుకున్నారు. వైమానిక దళ హెలికాప్టర్లతో సాగిన సహాయక చర్యలు 12వ తేదీవరకు కొనసాగాయి. ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు. సక్రమంగా నిర్వహించిన రోప్‌వే సురక్షితమైన సాధనమే. కాని నిర్వహణలో ఏమరుపాటుకు అది ఏమాత్రం చోటివ్వదు. విహారానికి వేసినదైనా, రవాణాకు వేసినదైనా తాడును, పట్టును, స్తంభాన్ని నియమం తప్పక తనిఖీ చేయాలి.

కాశీ ముందున్న ప్రశ్న

భారతదేశంలో కూడా రోప్‌వే కొండలు దిగి నగరంలోకి వస్తోంది. 2022-23 కేంద్ర బడ్జెట్‌లో ‘పర్వతమాల’ పేరుతో జాతీయ రోప్‌వేల అభివృద్ధి కార్యక్రమాన్ని ప్రకటించారు. కొండప్రాంతాలతోపాటు రద్దీతో సతమతమయ్యే పట్టణాలను కూడా అందులో దృష్టిలో ఉంచుకున్నారు. 2023 మార్చి 24న వారాణసిలో ప్రధానమంత్రి నరేంద్ర మోదీ ఒక రోప్‌వేకు శంకుస్థాపన చేశారు. కంటోన్మెంట్ రైల్వే స్టేషనునుంచి గోదౌలియా కూడలివరకు 3.75 కిలోమీటర్లు, అయిదు స్టేషన్లు, సుమారు 645 కోట్ల రూపాయల వ్యయంతో ఆ పథకాన్ని రూపొందించారు. గంటకు ఒక దిశలో 3,000 మందిని, సుమారు 16 నిమిషాల్లో చేరవేయాలన్నది లక్ష్యం.

కాశీలో కొండ లేదు. ఆ లెక్కన ఇది లండన్‌ను పోలి ఉంది. కాని విశ్వనాథాలయానికి చేరే వీధులు ఇరుకైనవి, జనంతో నిండినవి. వెడల్పు చేయడానికి వీలులేనివి. రైలు దిగిన యాత్రికుడికి గుడివైపు సాగే దారి ఎంత కష్టమో అక్కడికి వెళ్ళివచ్చిన తెలుగు కుటుంబాలకు అనుభవమే. ఆ లెక్కన ఇది మెడెలిన్‌ను పోలి ఉంది. యాత్రికుడు సందర్శకుడా, ప్రయాణికుడా అనే ప్రశ్న కూడా ఇక్కడ తలెత్తుతుంది. గంగాస్నానానికి వచ్చిన వృద్ధురాలికి ఆ దారి వినోదం కాదు. జీవితకాలపు కోరికకు చేర్చే ప్రయాణం. అలాగే ఆ వీధుల్లో రోజూ తిరిగే చేనేత కార్మికుడు, పూలమ్మే స్త్రీ, విద్యార్థి కూడా అందులో కూర్చోగలగాలి. వారి రోజుకూలికి టికెట్టు ధర అందుబాటులో ఉంటే అది నగరానికి చెందుతుంది. లేకుంటే వారి నెత్తిమీదుగా సాగిపోయే ముచ్చటైన దృశ్యంగా మిగులుతుంది.

కొలమానాలు

ఈ నగరాల అనుభవాలను కలిపి చూస్తే రోప్‌వేను పరీక్షించడానికి కొన్ని కొలమానాలు ఏర్పడతాయి. మొదటిది: అక్కడ కొండ, లోయ, నది, ఇరుకువీధి వంటి నిజమైన అడ్డంకి ఉందా? దానిని దాటడానికి అంతకంటే సులభమైన మార్గం ఇప్పటికే లేదా? రెండవది: దాని రెండు చివరలూ ప్రజలు నివసించే, పనిచేసే చోట్లను కలుపుతున్నాయా? మూడవది: బస్సుకూ రైలుకూ చెల్లే టికెట్టు దానికీ చెల్లుతుందా? నాలుగవది: తెల్లవారుజామునా, రాత్రివేళా, వర్షాకాలంలోనూ నడుస్తుందా, లేక సందర్శకుల వేళలకే పరిమితమా? అయిదవది: మార్గాన్ని నిర్ణయించేముందు దాని క్రింద నివసించేవారిని అడిగారా? ఆరవది: ప్రారంభోత్సవం ముగిసిన పదేళ్ళకు కూడా దాని నిర్వహణకు ధనం ఉంటుందా?

ఈ ప్రశ్నలకు అవునని జవాబు వచ్చినచోట రోప్‌వే పేదవాడి సమయాన్ని ఆదా చేస్తుంది. ఆదా అయిన ప్రతి అరగంటా ఒక తల్లి తన బిడ్డతో గడిపే అరగంట. ఒక విద్యార్థి చదువుకునే అరగంట. కాదని జవాబు వచ్చినచోట దానిని విహారంగా అంగీకరించి, విహారయాత్రికుల సొమ్ముతో నడపడం సమంజసం. రెండింటికీ లోకంలో స్థానం ఉంది. ఒకదాని పేరుతో మరొకటి నిర్మించడం మాత్రం ప్రజలను మోసగించడమే అవుతుంది.

నగరంలో ఏ కొత్త నిర్మాణం తలపెట్టినా దాని ఎత్తును, హంగును, పేరును చూసి ప్రజలు అబ్బురపడటం సహజం. చదువుకున్న పౌరుడు అంతటితో ఆగడు. దానిలో రోజూ ఎవరు కూర్చుంటారు, ఎక్కడికి వెళతారు, ఎంత చెల్లిస్తారు అని ప్రశ్నిస్తాడు. క్యాబిన్ కిటికీలోంచి బయటకు చూసేవారు ఎందరో లెక్కించినవాడు ఆకర్షణను కొలుస్తాడు. బయటకు చూడకుండా, పని గురించి ఆలోచిస్తూ కూర్చున్నవారు ఎందరో లెక్కించినవాడు ఉపయోగాన్ని కొలుస్తాడు.